మంగళవారం వచ్చిన ఆఫర్ లెటర్, దేవుని చిత్తం

అమ్మా, వందనాలు. నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. జర్మనీలో నర్స్ ఉద్యోగానికి అప్లై చేశావు. ఇంట్లో ఒక సంబంధం చూశారు. అబ్బాయి రక్షణ పొందినవాడే, మంచివాడే, కాకపోతే పెళ్ళయ్యాక ఇక్కడే ఉండాలని వాళ్ళ ఇంట్లోవాళ్ళు అంటున్నారు. ఏది దేవుని చిత్తమో తేలక "ప్రభువా, సోమవారంలోగా ఆఫర్ లెటర్ వస్తే అదే నీ చిత్తమనుకుంటాను" అని ప్రార్థించావు. లెటర్ మంగళవారం ఉదయం వచ్చింది. అప్పటినుంచి నీకు నిద్ర లేదు. ఈలోగా ఒక బ్రదర్ "జర్మనీ నీకు దేవుని చిత్తం కాదు" అని వాట్సాప్‌లో ప్రవచనం పంపాడు, మీ పెద్దమ్మకేమో నువ్వు విమానం ఎక్కుతున్నట్టు కల వచ్చింది. "నీ చిత్తమైతే" అని ప్రార్థించడమే అవిశ్వాసం అని కూటంలో ఇంకెవరో అన్నారు. ఇప్పుడు ఏమని ప్రార్థించాలో కూడా తెలియడం లేదని రాశావు.

నేను దైవజనురాలిని కాదు, బైబిల్ కాలేజీలో చదవలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రభుత్వ బడిలో టీచర్‌గా చేసి రిటైర్ అయ్యాను. ఒంగోలు దగ్గర మా ఊరి సంఘంలో స్త్రీల కూటం ఇరవై ఏళ్ళ పైనుంచి చూసుకుంటున్నాను. నీలాంటి టెన్షన్‌తో మా వరండాలో కూర్చుని ఏడ్చిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. అందుకని కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మంగళవారం సంగతి. లెటర్ సోమవారం రాకపోవడం దేవుడు "వద్దు" అనడం కాదు తల్లీ. గడువు పెట్టింది నువ్వు. ఆ గడువుకు ఆయన ఒప్పుకున్నట్టు వాక్యంలో ఎక్కడా లేదు. అందరూ గిద్యోను గొర్రెబొచ్చు చూపిస్తారు, దాని మీద మంచు పడాలని అతను దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతి. న్యాయాధిపతులు 6వ అధ్యాయం మొదటినుంచి చదువు. వెళ్ళమని, ఇశ్రాయేలీయులను రక్షించమని దేవుడు అతనికి అప్పటికే స్పష్టంగా చెప్పాడు. గిద్యోను కూడా "నీవు సెలవిచ్చినట్లు" అంటూనే గొర్రెబొచ్చు పరుస్తాడు, రెండోసారి అడిగేటప్పుడు నా మీద కోపపడవద్దని బతిమాలుకుంటాడు. అంటే అతను చిత్తం తెలియక అడగలేదు, తెలిసీ భయం పోక అడిగాడు. దేవుడు ఆ భయస్తుణ్ణి జాలితో భరించాడు. అది ఆయన ఓర్పుకు సాక్ష్యం, మనం నడవాల్సిన పద్ధతి కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా నాన్న ఒక స్థలం కొనాలా వద్దా అని రెండు చీటీలు రాసి, బైబిల్లో పెట్టి, అందరం మోకరించాక నా చేత ఒకటి తీయించాడు. "వద్దు" అని వచ్చింది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మనం సరిగ్గా ప్రార్థన చేయలేదేమో, ఇంకోసారి తీద్దాం" అన్నాడు. రెండోసారి "కొను" అని వచ్చింది, కొన్నాడు. మా నాన్న భక్తిగలవాడు, ఆయన మీద ఫిర్యాదుగా చెప్పడం లేదు. కానీ ఆయన మనసులో నిర్ణయం ముందే అయిపోయింది, దానికి దేవుని సంతకం కావాల్సి వచ్చింది, అంతే. ఆ చిన్న వయసులోనే నాకు అదేదో గుచ్చుకుంది. అపొస్తలుల కార్యములు 1లో ఇస్కరియోతు యూదా స్థానంలోకి చీట్లు వేసి మత్తీయను ఎన్నుకున్నారు కదా అంటారు. నిజమే, కానీ 2వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక శిష్యులు మళ్ళీ చీట్లు వేసినట్టు ఒక్క చోట కూడా రాసి లేదు.

అసలు విషయానికి వస్తాను. "దేవుని చిత్తం" అనే మాటను మనం రెండు అర్థాలతో వాడుతూ రెంటినీ కలిపేస్తున్నాం, నీ నిద్ర చెడగొట్టింది ఆ కలగాపులగమే. ద్వితీయోపదేశకాండము 29:29లో మోషే ఈ రెంటినీ విడదీశాడు. రహస్యములు దేవునికి చెందుతాయి, బయలుపరచబడినవి మనవి, మన పిల్లలవి. రేపు ఏం జరుగుతుంది, నీ వీసా వస్తుందా, ఏ సంవత్సరంలో నీకు పెళ్ళవుతుంది, ఇవి ఆయన తన దగ్గర పెట్టుకున్నవి. నువ్వు ఎలా బతకాలి అనేది ఆయన దాచలేదు. ఇదే దేవుని చిత్తం అని నేరుగా చెప్పిన వచనాలు వెతికి చూడు. 1 థెస్సలొనీకయులకు 4:3 పరిశుద్ధంగా ఉండడం దేవుని చిత్తం అంటుంది. 5:18 ప్రతి విషయంలో కృతజ్ఞతాస్తుతులు చెల్లించడం దేవుని చిత్తం అంటుంది. 1 పేతురు 2:15 మంచి నడవడితో మూర్ఖుల నోరు మూయించడం దేవుని చిత్తం అంటుంది. వీటిలో ఊరి పేరు లేదు, జీతం లేదు, పెళ్ళికొడుకు పేరు లేదు.

పెళ్ళి గురించి పౌలు ఏమన్నాడో చూడు. 1 కొరింథీయులకు 7:39లో విధవరాలి గురించి రాస్తూ, ఆమెకు ఇష్టమైనవానిని చేసుకోవచ్చు, ప్రభువునందు మాత్రమే చేసుకోవాలి అన్నాడు. ఇష్టమైనవానిని! ఆ మాట పరిశుద్ధ గ్రంథంలోనే ఉంది, నేను కల్పించింది కాదు. ప్రభువునందు అనేది కంచె. ఆ కంచె లోపల ఆమెకు స్వేచ్ఛ ఇచ్చాడు. లోకంలో ఒకే ఒక్కణ్ణి దేవుడు ఎక్కడో దాచిపెట్టాడు, పొరపాటున పక్కవాణ్ణి చేసుకుంటే జీవితాంతం రెండో రకం దీవెనలే అనే భయం మన పిల్లల్లో ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, పౌలు దగ్గరనుంచి మాత్రం రాలేదు.

మరి చిత్తప్రకారం ప్రార్థించడం అంటే ఏమిటి? 1 యోహాను 5:14 నీకు కంఠతా వచ్చే ఉంటుంది, "ఆయన చిత్తానుసారముగా మనమేది అడిగినను ఆయన మన మనవి ఆలకించును" అని. దీన్ని చాలామంది తాళం నంబరు కనిపెట్టే ఆటలా చదువుతారు, ఆయన మనసులో ఉన్న రహస్యాన్ని సరిగ్గా ఊహించి అడిగితే తలుపు తెరుచుకుంటుంది అన్నట్టు. అదే నిజమైతే ఆ వచనంలో "ధైర్యము" అనే మాటకు చోటెక్కడిది? ఊహించి అడిగేవాడికి ధైర్యం ఉండదు, టెన్షన్ ఉంటుంది. యోహాను ధైర్యం గురించి రాశాడంటే, ఆయన చెప్పేసిన సంగతుల మీద నిలబడి అడగమని.

దీనికి నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది దానియేలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు కదా, అందులో ఎక్కువమందికి ఇష్టమైనది యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అనే వచనం. మా ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా ఒకటి ఉంది. దాని ముందు వచనం ఎవరూ కార్డు మీద వేయరు. బబులోనుకు చెరపట్టబడి పోయినవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. డెబ్బై ఏళ్ళు అక్కడే ఉంటారు, ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంది అందులో. ఇక దానియేలు 9కి రా. దర్యావేషు ఏలుబడి మొదటి ఏడాది. యిర్మీయా రాసిన ఆ డెబ్బై సంవత్సరాల లెక్క దానియేలు గ్రంథాల్లో చదివి గ్రహించాడు. గ్రహించి ఊరుకున్నాడా, దేవుడు చెప్పాడు కాబట్టి అదే జరుగుతుందిలే అనుకున్నాడా? లేదు. ఉపవాసం ఉండి, గోనెపట్ట కట్టుకుని, బూడిద వేసుకుని ప్రార్థించాడు. ఆ ప్రార్థన చదువు, సగానికి పైగా పాపాల ఒప్పుకోలే ఉంటుంది. చివర్లో గానీ అడగడం రాదు, అడిగింది కూడా "మేము నీతిమంతులం కాబట్టి" అని కాదు, "నీ మహా కనికరములనుబట్టి" అని. దేవుడు చెప్పిన మాటను చేతిలో పట్టుకుని, అది జరిగించమని ఆయన్నే బతిమాలుకోవడం, చిత్తప్రకారం ప్రార్థించడమంటే నాకు తెలిసి ఇదే.

మా ఒంగోలు సంగతి ఒకటి చెప్పనివ్వు, ఇది మన తెలుగు సంఘ చరిత్ర, మన పిల్లలకు సరిగ్గా చెప్పడం లేదు మనం. 1853లో అమెరికా బాప్టిస్టు మిషన్ వాళ్ళ మహాసభలో నెల్లూరులో మిషన్ పని మూసేద్దామా అనే చర్చ నడిచింది. ఎన్నో ఏళ్ళ పని, వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది విశ్వాసులు. ఆ పరిస్థితిలో లైమన్ జ్యూయెట్ అనే మిషనరీ, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు గుట్ట ఎక్కి ప్రార్థించారు. ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. కోత యజమానుణ్ణి కోతకు పనివాళ్ళను పంపమని వేడుకోండి అని యేసు ప్రభువే చెప్పాడు కదా మత్తయి 9:38లో, వాళ్ళు అడిగింది అదే. తేదీ అడగలేదు, గుర్తు అడగలేదు. ఆ సేవకుడు, మిషనరీ జాన్ క్లౌ, 1865లో గానీ ఇండియాకు రాలేదు, ఒంగోలు చేరేసరికి 1866 అయింది. అంటే పన్నెండేళ్ళు.

తర్వాత 1876లో మొదలైన కరువు. క్లౌ దొర ఏం చేశాడో తెలుసా, దర్శనం కోసం కొండెక్కి కూర్చోలేదు. కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు కాబట్టి బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ళకు పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. మా నాన్న చెప్పేవాడు, మా పూర్వీకులు ఆ మట్టి మోసినవాళ్ళేనని. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవాళ్ళు వేలల్లో ఉన్నా, కూటి కోసం చేరారనే మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు ఆయన. కరువు పని ముగిసి, ఇక ఇచ్చేందుకు కూలి గానీ గింజలు గానీ లేనప్పుడు, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి ఇచ్చారు. గుట్ట మీద ప్రార్థనకు, ఆ నదికి మధ్య ఇరవై నాలుగేళ్ళు. ఆ ఐదుగురిలో ఎవరికీ 2,222 అనే అంకె తెలియదు. అది రహస్యాల్లోది. పనివాళ్ళను పంపమని అడగాలని మాత్రం తెలుసు. అది బయలుపరచబడినదాంట్లోది. క్లౌ దొర కాలువ కాంట్రాక్టు తీసుకోవాలా వద్దా అనేది ఏ వచనంలోనూ లేదు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టు అనే మాట మాత్రం ఉంది, తనకు సర్వే పని వచ్చు, ఈ రెండూ కలిపి చూసుకుని నిర్ణయం తీసుకున్నాడు.

ఇప్పుడు "నీ చిత్తమైతే" అనే మాట. దీని మీద నాకు చెప్పాల్సింది ఉంది, రాస్తుంటే చెయ్యి కొంచెం వణుకుతుంది కూడా.

మావారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ఒక్కోసారి నాలుగు గంటలు. రోజుకు ముప్పావు లీటరు నీళ్ళు, మాత్రలకు తాగే నీళ్ళతో సహా. నేను పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పోసి పెట్టేదాన్ని, సాయంత్రానికి ఆ సీసా వైపు ఆయన చూసే చూపు నేను తట్టుకోలేకపోయేదాన్ని. ప్రతి రాత్రీ "ప్రభువా, నీ చిత్తమైతే స్వస్థపరచు" అని ప్రార్థించేవాళ్ళం. ఒకసారి పొరుగూరినుంచి ప్రార్థన చేసే ఒకాయన వచ్చి, మీ ప్రార్థనలో ఆ "అయితే" ఉన్నంతకాలం స్వస్థత రాదు, మిషను మీద పడుకుంటూ దేవుణ్ణి నమ్ముతున్నామంటే ఎలా, ఆపేసి విశ్వాసంతో ఒప్పుకోండి అన్నాడు. ఎంత ఆశగా ఉంటుందో ఆ స్థితిలో, నీకు చెప్పలేను. నువ్వు నర్సువి, నీకే తెలుస్తుంది. రెండు డయాలసిస్‌లు మానేశాం. మూడో రాత్రి ఆయన పడుకోలేకపోయాడు. గోడకు దిండు ఆనించి కూర్చోబెట్టాను. ఊపిరి తీస్తుంటే లోపల నీళ్ళు కదులుతున్న శబ్దం వినిపించింది. 108లో తీసుకెళ్ళాం. అక్కడి నర్సు ఎందుకు మానేశారని కోపంగా అడిగింది, మావారు నా వంక చూసి తల దించుకున్నారు.

ఆయన కోలుకున్నాక ఇద్దరం మార్కు 1:40 చదివాం. కుష్ఠరోగి వచ్చి మోకాళ్ళూని "నీ కిష్టమైతే నన్ను శుద్ధునిగా చేయగలవు" అన్నాడు. ఆ మాట విని ప్రభువు నీకు విశ్వాసం లేదు, "అయితే" తీసేసి మళ్ళీ అడుగు అన్నాడా? కనికరపడి, చెయ్యి చాపి, వాణ్ణి ముట్టుకుని "నాకిష్టమే, నీవు శుద్ధుడవు కమ్ము" అన్నాడు. ఆ మనిషికి శక్తి మీద సందేహం లేదు, చేయగలవు అన్నాడు. ఇష్టాన్ని మాత్రం ఆయనకే వదిలాడు. గెత్సేమనేలో ప్రభువే, "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము" అని ముందు తన కోరిక ఉన్నదున్నట్టు చెప్పి, తర్వాత "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. మూడుసార్లు అదే అడిగాడు. దేవుని కుమారుడు చేసిన ప్రార్థనను అవిశ్వాసం అనేవాళ్ళ నోటికి భయం ఉండాలి. పౌలూ తన శరీరంలో ముల్లులా ఉన్న బాధ తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని.

అయితే ఇందులో మరో తప్పు ఉంది, అది కూడా చెప్పాలి. కొంతమంది "నీ చిత్తమైతే" అని ప్రార్థన చివర తగిలిస్తారు, తమకేం కావాలో దేవుని ముందు నోరు తెరిచి చెప్పకుండా. జరగకపోతే బాధపడకుండా ఉండడానికి ముందే వేసుకున్న పరుపు అది. ప్రభువు ముందు అడిగాడు, ఆ తర్వాతే అప్పగించాడు. నువ్వు కూడా ముందు అడుగు. "నాకు జర్మనీ వెళ్ళాలని ఉంది ప్రభువా" అని నీ ఉత్తరం మొత్తంలో ఎక్కడా రాయలేదు, కానీ జర్మన్ క్లాసులకు నైట్ డ్యూటీ దిగి నేరుగా వెళ్ళేదాన్ని అని రాసిన వాక్యంలో నాకది కనిపించింది. నాకు కనిపించింది ఆయనకు కనిపించదా? చెప్పెయ్ అమ్మా. కోరిక ఉండడం పాపం కాదు.

ఆ తర్వాత మావారు ఏడాది నాలుగు నెలలు బతికారు. స్వస్థత అడగడం మానలేదు మేము. కానీ దేవుని చిత్తమని మాకు ఖచ్చితంగా తెలిసినది కూడా అడగడం మొదలుపెట్టాం. మావారికి తమ్ముడితో పొలం గట్టు తగాదా, పదకొండేళ్ళుగా మాటల్లేవు. సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు, అందులో రహస్యం ఏమీ లేదు. అది ప్రార్థించి, ఈయనే ఫోన్ చేశారు. మరిది ఫోన్ ఎత్తలేదు. రెండు వారాలకు, చెప్పకుండా ఆస్పత్రికే వచ్చాడు, సంచిలో సపోటాలు పట్టుకుని. కిడ్నీ రోగి సపోటా తినకూడదని అతనికి తెలియదు. ఈయన ఒకటి తీసుకుని వాసన చూసి, కాసేపు చేతిలోనే ఉంచుకుని నాకిచ్చారు. ఆ నాలుగు గంటలూ మరిది మంచం పక్కనే స్టూలు మీద కూర్చున్నాడు. స్వస్థత కోసం చేసిన ప్రార్థనకు మేం కోరిన జవాబు రాలేదు. ఈ ప్రార్థనకు వచ్చింది. రెంటినీ విన్నది ఒకే తండ్రి అని నేను నమ్ముతున్నాను, మావారు పోయిన రోజున కూడా నమ్మాను.

ఇక ఆ వాట్సాప్ ప్రవచనం. ప్రవచనాలను నిర్లక్ష్యం చేయవద్దు అన్న పౌలే ఆ వెంటనే సమస్తమును పరీక్షించమన్నాడు. 1 రాజులు 13 చదువు. అక్కడ ఏమీ తినవద్దు, తాగవద్దు అని దేవుడు నేరుగా ఆజ్ఞ ఇచ్చిన ఒక దైవజనుణ్ణి, దేవదూత నాతో చెప్పాడు అని ఒక ముసలి ప్రవక్త అబద్ధమాడి ఇంటికి తీసుకెళ్ళి భోజనం పెట్టాడు. తిరిగి వెళ్ళే దారిలో సింహం అతన్ని చంపింది. ఆ బ్రదర్ అబద్ధమాడాడని నేననను, మంచి మనసుతోనే పంపి ఉండొచ్చు. కానీ నీ మీద ఏ బాధ్యతా లేని మనిషి, నీ ఇంటి సంగతులు తెలియని మనిషి, నువ్వు అడగకుండా పంపిన మాటకు నీ జీవితాన్ని కట్టివేయనక్కర్లేదు. ఆయనకు గౌరవంగా "ప్రార్థిస్తాను బ్రదర్" అని జవాబిచ్చి వదిలెయ్. పెద్దమ్మ కలకూ అంతే.

మనసుకు సమాధానం ఉంటే అది దేవుని చిత్తం అనే కొలత కూడా నీకు ఎవరో చెప్పే ఉంటారు. దాన్నీ జాగ్రత్తగా వాడు. యోనా దేవునికి దూరంగా పారిపోతూ ఓడ అడుగున గాఢ నిద్రపోయాడు. ప్రభువు చిత్తానికి లోబడుతూ గెత్సేమనేలో రక్తబిందువుల్లాంటి చెమట కార్చాడు. గుండె దడగా ఉన్నంత మాత్రాన తప్పు దారి అని కాదు. కొత్త దేశం, కొత్త భాష, ఎవరికైనా దడే. పౌలుకు మాసిదోనియ మనిషి దర్శనంలో కనిపించి రమ్మని పిలిచాక కూడా, అపొస్తలుల కార్యములు 16:10లో, వాళ్ళంతా కలిసి ఆలోచించి నిశ్చయించుకున్నట్టు "మేము" అని రాశాడు లూకా. అలా దేవుని చిత్తంలోనే వెళ్ళిన ఫిలిప్పీలో కొద్దిరోజులకే బెత్తం దెబ్బలు, చెరసాల.

కాబట్టి ఈ వారం ఇలా చెయ్యి. కొలొస్సయులకు 1:9 నుంచి 12 వరకు తెరిచి, అక్కడ పౌలు వాళ్ళ కోసం అడిగినది నీ పేరు పెట్టి అడుగు. "తండ్రీ, నీ చిత్తాన్ని గ్రహించే జ్ఞానం, ఆత్మసంబంధమైన వివేకం నాకివ్వు. నాకు జర్మనీ వెళ్ళాలని ఉంది, అమ్మానాన్నను వదిలి వెళ్ళాలంటే భయంగా ఉంది, ఆ అబ్బాయి మంచివాడని కూడా అనిపిస్తుంది. ఎక్కడున్నా నిన్ను విడిచిపెట్టకుండా నన్ను కాపాడు. డబ్బు మీద ఆశ ఇందులో ఎంతుందో నాకు చూపించు. నేను నిర్ణయం తీసుకున్నాక దాని బరువు మొయ్యడానికి బలమివ్వు." ఇలా నీ మాటల్లో, నువ్వు మామూలుగా మాట్లాడే తెలుగులో చెప్పు. ఈ మనవుల్లో ఒక్కటి కూడా ఆయన చిత్తానికి బయట లేదు. అందుకే ధైర్యంగా అడగొచ్చు.

ప్రార్థించి లేచాక చేయాల్సిన పనులున్నాయి, నెహెమ్యా నాలుగు నెలలు ప్రార్థించి, రాజు అడిగేసరికి కావాల్సిన ఉత్తరాలు, కలప లెక్క సిద్ధంగా ఉంచుకున్నట్టు. నీ ఏజెంటు రెండు లక్షలు అడుగుతున్నాడని రాశావు, నాకు నచ్చలేదు ఆ మాట. విదేశాంగ శాఖ వాళ్ళ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన ఏజెంట్ల లిస్టు ఉంటుంది, అందులో అతని పేరుందో లేదో చూడు. ఉన్నా కూడా రూలు ప్రకారం సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మీ నాన్న అప్పు తెచ్చి ఆ రెండు లక్షలు కడితే ఆ వడ్డీ బరువు నీ ప్రార్థనల మీద కూడా పడుతుంది. లెటర్‌లో అక్కడ నర్స్‌గా గుర్తింపు రాకముందు జీతం ఎంత, వచ్చాక ఎంత అని విడివిడిగా రాశారో లేదో చదువు. ఆ గుర్తింపుకు సాధారణంగా జర్మన్ భాషలో బీ2 స్థాయి అడుగుతారు, నీకు దాని కింది స్థాయి బీ1 అయింది, ఆ మిగతా చదువు ఖర్చు ఎవరిదో అడుగు. ఆ ఊళ్ళో ఆదివారం ఆరాధనకు వెళ్ళే సంఘం ఉందా, డ్యూటీలు ఎలా ఉంటాయి, ఇది కూడా కనుక్కో, ఒంటరిగా ఉన్న విశ్వాసి చల్లారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అబ్బాయి సంగతి ఇంకా సులువు. అతనితో నువ్వు నేరుగా ఒక్కసారి కూడా మాట్లాడలేదని రాశావు. మీ అమ్మానాన్న, మీ పాస్టర్ అయ్యగారు ఉండగా కూర్చుని మాట్లాడు. "నాకు ఈ అవకాశం వచ్చింది, మీరేమంటారు" అని అడుగు. ఇక్కడే ఉండాలన్నది అతని మాటా, వాళ్ళింట్లోవాళ్ళ మాటా అనేది అక్కడే తేలుతుంది. రెండేళ్ళు ఆగుతాను అంటాడో, నేనూ వస్తాను అంటాడో, వద్దు అంటాడో, ఆ జవాబులో నీకు సగం దారి కనిపిస్తుంది. అంతా విన్నాక రెండూ మంచివే అనిపిస్తే, నీకు ఏది ఇష్టమో అది ఎంచుకో, భయపడకు. ఎంచుకున్నాక సోమవారం, మంగళవారం అని వెనక్కి తిరిగి లెక్కలు వేయకు.

ఆఫర్‌కు జవాబివ్వడానికి పద్దెనిమిదో తేదీ వరకు టైముందని రాశావు. అంటే రెండు ఆదివారాలు. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక వాళ్ళతో కూర్చునేలా మీ నాన్నతో ఈ రాత్రే చెప్పు. ఏ టైముకు అనుకున్నారో నాకు రాయి. ఆ గంటలో మా కూటంలో నలుగురం మోకాళ్ళ మీద ఉంటాం.